పడమటి దిక్కుకు తల



1933 మే 30వ తేదీన, ఆఫ్రికా ఖండం నడిమధ్యన, ఆనాడు బెల్జియన్ కాంగో అని పిలువబడిన దేశంలో, బోగా అనే కొండ గ్రామంలో ఒక వృద్ధుడు కన్నుమూశారు. పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే కాలం కాదు గనుక 1864 ప్రాంతంలో పుట్టారని అంటారు. ఆ లెక్కన వయస్సు 70కి కాస్త తక్కువ. పేరు అపోలో కివేబులాయా. ఆయన పుట్టు క్రైస్తవుడు కాదు. 30 ఏళ్ళ వయస్సులో, 1895లో జ్ఞానస్నానం పొందిన వ్యక్తి. చనిపోయే ముందు తన భూస్థాపన గురించి ఆయన ఒక కోరిక కోరారు. వాడుక ప్రకారం తల తూర్పు దిక్కుకు పెట్టవద్దని, పడమటి దిక్కుకు పెట్టి తనను పాతిపెట్టమని అడిగారు.

ఎందుకు పడమర? బోగాకు తూర్పున ఆయన పుట్టిన బుగాండా రాజ్యం ఉంది, నేటి ఉగాండా దేశంలో. అక్కడ ఆయన తల్లిదండ్రులు, వంశం, పితరుల నేల. పడమటన ఇతూరి మహారణ్యం ఉంది. ఆ అడవిలో, లోకం పిగ్మీలని పిలిచే ఎంబుటి ప్రజలు, ఇంకా అనేక జాతులవారు ఉన్నారు. వారిలో చాలామందికి సువార్త ఇంకా చేరలేదు. చేయవలసిన పని అటు ఉంది గనుక నా తల కూడా అటే ఉండాలి అన్నది ఆ ముసలాయన ఆలోచన.

నవంబరు మాసం వచ్చింది. సమాధుల పండుగకు మన ఊళ్ళలో గడ్డి చెక్కి, సున్నాలు కొట్టి, పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటున్నాము. ఈ వేళ ఆ ఆఫ్రికా వృద్ధుని సమాధి గురించి మీతో మాట్లాడాలనిపించింది. దిక్కుల సంగతి మన తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఉత్తరానికి తల పెట్టి పడుకున్న పిల్లవాణ్ణి నిద్రలోనే ఇటు తిప్పి పడుకోబెట్టే అమ్మమ్మలు మన కతోలిక కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఎందుకమ్మా అంటే 'ఏమో నాయనా, మా అమ్మ చెప్పింది' అంటారు. పైగా మన భాషలో దిక్కు అనే మాటకు రెండు అర్థాలు. ఎటు అనేది ఒకటి, ఎవరు ఆదుకుంటారు అనేది రెండవది. 'నాకు దిక్కెవరు?' అని ఏడ్చే మనిషి తూర్పు పడమరలు అడగడం లేదు గదా! అపోలో కోరికలో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి.

ఆయన జీవితం కొంచెం తెలియాలి, లేకపోతే ఆ కోరిక వింతగా మిగిలిపోతుంది. బుగాండాలో కవల మగపిల్లల్లో పెద్దవాడికి వస్వా అని, చిన్నవాడికి కాటో అని పేరు పెడతారు. ఈయన వస్వా. యౌవనంలో ఆ దేశంలో జరిగిన అంతర్యుద్ధాల్లో మహమ్మదీయుల పక్షాన ఉన్నవాడు. తర్వాత క్రైస్తవ బోధ విని జ్ఞానస్నానం పొంది అపోలో అయ్యారు. ఐరోపా దుస్తు తొడుక్కునేవాడని 'ఐరోపా నుంచి వచ్చిన వస్తువు' అనే అర్థంలో జనం కివేబులాయా అని ముద్దుపేరు పెట్టారు. అది వెక్కిరింతో, మెచ్చుకోలో గాని, చివరికి ఆ పేరే నిలిచింది. జ్ఞానస్నానం పొందిన మరుసటి ఏడు, 1896లో, రువెంజోరి పర్వతాలు, సెమ్లికి నది దాటి బోగా చేరారు. భార్య చనిపోయిన తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఆయన కంటే ముందు ఇద్దరు ఉపదేశులు ఆ ఊరు వెళ్ళి, తిండి దొరక్క తిరిగి వచ్చేశారు. ఊరి పెద్ద తబారో వారికి ఎవరూ అన్నం పెట్టరాదని కట్టడి చేశాడట. అపోలో వెళ్ళిన తర్వాత కూడా కష్టాలు తగ్గలేదు. అంతలో తబారో సోదరి ప్రమాదవశాత్తు బల్లెం గుచ్చుకుని మరణించింది. ఆ నింద ఈయన మీద పడింది. బంధించి తోరో దేశానికి పంపించారు, చెరసాలలో వేశారు. ఇక ఈ పని నావల్ల కాదని కుమిలిపోతున్న రాత్రి యేసుప్రభువు సూర్యునివలె ప్రకాశిస్తూ కనబడి ధైర్యం చెప్పారని ఆయన తర్వాత చెప్పుకున్నారు. విడుదలయ్యాక ఇంటికి పోలేదు. ఎక్కడ నుంచి కట్టి పంపారో ఆ బోగాకే తిరిగి వెళ్ళారు. కాలక్రమంలో ఆ తబారోయే క్రైస్తవుడయ్యాడు! 1903లో అపోలో గురుపట్టం పొందారు. అధికారులు గీసిన కొత్త సరిహద్దు వల్ల బోగా బ్రిటిషువారి చేతి నుంచి బెల్జియం వారి చేతికి పోయింది. సరిహద్దు మారింది గాని ఈయన మనసు మారలేదు. 1920ల నుంచి, ముసలితనంలో, అడవిలోకి నడిచి వెళ్ళి ఎంబుటి ప్రజల మధ్య సువార్త చెప్పారు. మార్కు సువార్తను వారి భాషలోకి తేవడానికి పూనుకున్నారు.

ఇక ఆ కోరిక దగ్గరకు వద్దాం. ఒక బుగాండా మనిషి పరదేశంలో సమాధి కోరుకోవడం, అందులోనూ పుట్టిన ఊరికి దూరమయ్యే దిక్కుకు తల పెట్టమనడం ఎంత పెద్ద మాటో మనకు చప్పున బోధపడదు. బుగాండాలో ప్రతి వంశానికి సొంత నేల ఉంటుంది. దాన్ని బుటాకా అంటారు. అది పంటల కోసం మాత్రమే కాదు, పితరులు పడుకున్న చోటు అది. శవాన్ని మేడి జాతికి చెందిన ముతుబా చెట్టు బెరడును దంచి దంచి బట్టలాగా చేసిన నార వస్త్రంలో చుట్టి ఆ నేలలో ఉంచుతారు. ఆ బెరడు బట్ట తయారీ ఎంత పాతదంటే, ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో 2005లో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఖననంతో పని అయిపోదు. కొంత కాలానికి బంధువులందరూ మళ్ళీ కూడి ఆఖరి కర్మ జరిపి, చనిపోయినవాని స్థానంలో వారసుణ్ణి నిలబెడతారు. అప్పటికిగాని చావు పూర్తయినట్లు కాదు. మన దగ్గర పెద్దకర్మ నాడు పెద్ద కొడుక్కి తలపాగా చుట్టే ఆచారం ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

కెన్యా దేశస్థుడు జాన్ ఎంబిటి అనే తత్త్వవేత్త, ఆయన ఆంగ్లికన్ గురువు కూడా, 1969లో ఆఫ్రికా మతాల మీద ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. పేరు పెట్టి తలచుకునేవారు ఉన్నంత కాలం చనిపోయినవారు పూర్తిగా పోయినట్లు కాదని ఆఫ్రికా పల్లెల నమ్మిక అని, వారిని 'జీవించే మృతులు' అనవచ్చునని అందులో వివరించారు. నాలుగైదు తరాలు గడిచి పేరు తెలిసినవారు లేనప్పుడే వారు నిజంగా కనుమరుగవుతారు. కాబట్టి సమాధి ఎక్కడ అంటే, నన్ను పేరు పెట్టి తలచేది ఎవరు అని అడిగినట్లే. దూరదేశంలో పాతిపెడితే తలచేవారెవరు? ఆ భయం చిన్నది కాదు.

ఆ భయం ఎంత బలమైనదో కెన్యాలో ఒక దావా లోకానికంతా చూపించింది. 1986 డిసెంబరు 20న ఎస్. ఎం. ఒటియెనో అనే పేరున్న న్యాయవాది నైరోబిలో చనిపోయారు. ఆయన లువో జాతివాడు, భార్య కికుయు జాతి స్త్రీ. భర్తను నైరోబి దగ్గర తమ సొంత స్థలంలో క్రైస్తవ పద్ధతిలో పాతిపెడతానని భార్య, కాదు మా పితరుల నేలలోనే పెట్టాలని వంశంవారు కోర్టుకెక్కారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. 154 రోజులు శవం నేల తాకలేదు. చివరకు వంశమే గెలిచి, 1987 మే 23న న్యాల్గుంగా గ్రామంలో భూస్థాపన చేసింది. ఎవరిది న్యాయం అని నేను తీర్పు చెప్పబోను. కాని చనిపోయినవారి మీద హక్కు ఎవరిది అనే ప్రశ్న ఆఫ్రికా పల్లెలో ఎంత లోతుగా పాతుకుపోయిందో దీనివల్ల తెలుస్తుంది.

పరిశుద్ధ గ్రంథం కూడా ఈ ప్రశ్నను దాటవేయలేదు. అబ్రహాము పరదేశిగా బ్రతికి, భార్య సారా చనిపోయినప్పుడు 400 తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను కొన్నాడు. వాగ్దాన భూమిలో ఆయన చేతికి వచ్చిన మొదటి సెంటు భూమి ఒక సమాధే! యాకోబు ఐగుప్తులో చనిపోతూ తనను తండ్రుల చెంత పాతిపెట్టమని కొడుకుల చేత మాట తీసుకున్నాడు. యోసేపు తన ఎముకలను మోసుకుపొమ్మన్నాడు. మోషే వాటిని మోసుకుపోయాడు. ఇదంతా ఇంటివైపు తిరిగిన ముఖం. ఇక రూతును చూడండి. ఆమె మోవాబు స్త్రీ, మనం ఈనాడు 'కొత్త క్రైస్తవురాలు' అన్నట్టు, బయటనుంచి విశ్వాసంలోకి వచ్చిన మనిషి. అత్త నయోమితో ఆమె అన్న మాటలు పెళ్ళి పూజల్లో తరచు వింటాము. నీ జనులే నా జనులు అన్నంతవరకు అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత ఆమె ఇంకో మాట కూడా అన్నది. నీవు మరణించిన చోటనే నేనూ మరణిస్తాను, అక్కడే నా సమాధి అన్నది. పెళ్ళిలో సమాధి మాట ఎందుకని కొందరు పాఠకులు ఆ ముక్క మింగేస్తారేమో గాని, రూతు విశ్వాసమంతా అక్కడే ఉంది. బ్రతికున్నప్పుడు ఎవరితోనైనా కలిసి ఉండవచ్చు. చనిపోయాక ఎవరి మధ్య పడుకుంటావు అన్నదే అసలు పరీక్ష. అపోలో రూతు దారిన నడిచారు. ఇంకొక్క అడుగు ముందుకు వేశారు కూడా. ఆమె తాను చేరిన జనుల మధ్య సమాధి కోరుకుంది, ఈయన తాను ఇంకా చేరుకోని జనులవైపు తల పెట్టించుకున్నారు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో సోక్రటీసు మరణ ఘట్టం మాకు పాఠంగా ఉండేది. విషం తాగబోయే ముందు మిత్రుడు క్రీటో, నిన్ను ఎలా పాతిపెట్టమంటావు అని అడుగుతాడు. సోక్రటీసు నవ్వి, ఎలాగైనా సరే, ముందు నన్ను పట్టుకోగలిగితే గదా అంటాడు. ఆయన దృష్టిలో దేహం తాను కాదు, వదిలిపోయే చొక్కా లాంటిది. గొప్ప మాటే, కాని క్రైస్తవుల మాట కాదు. ఆత్మ ఒక్కటే నేను కాదు, దేహంతో కూడి ఉన్నవాడే నేను అని పునీత థామస్ అక్వినాసుగారు బోధించారు. దేహము యొక్క ఉత్థానమును విశ్వసిస్తున్నానని ప్రతి ఆదివారం మనం చెప్పేది అందుకే. దేహం చొక్కా మాత్రమే అయితే అపోలో తల ఎటుంటే ఏమి? అది ఆయనే గనుక, ఒకనాడు లేవబోయేది ఆయనే గనుక, లేచినప్పుడు కళ్ళముందు ఎవరుండాలి అన్నది పట్టింపు అయింది.

సరిగ్గా ఇక్కడ మరో ఆఫ్రికా మనిషి గుర్తుకు వస్తుంది, పునీత మోనికమ్మ. ఆమెది నేటి అల్జీరియాలోని తగాస్తే పట్టణం. భర్త పత్రీసియు పక్కన తన సమాధి ఉండాలని ఏళ్ళ తరబడి ఆశపడి, చోటు కూడా చూసిపెట్టుకుంది. 387లో కొడుకు అగస్టీనుతో కలిసి స్వదేశానికి బయలుదేరి, రోము దగ్గర ఓస్తియా రేవులో జబ్బుపడింది. పరదేశంలో పోతావా అమ్మా అని మరో కొడుకు బాధపడితే, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగ వద్దు, ప్రభువు పీఠం చెంత మాత్రం నన్ను తలచుకోండి అని చెప్పిందని అగస్టీనుగారు రాశారు. పేరు పెట్టి తలచేవారెవరు అనే ఆఫ్రికా భయానికి ఒక ఆఫ్రికా తల్లి ఇచ్చిన జవాబు ఇది. వంశం మరచిపోయినా బలిపీఠం మరచిపోదు. నాలుగైదు తరాల తర్వాత కూడా ప్రతి దివ్యబలి పూజలో గురువు మృతులను స్మరిస్తాడు. ఆ స్మరణలో, పేరు తెలిసినవారు ఎవరూ మిగలని వారు కూడా ఉంటారు.

ఇక్కడిదాకా చదివిన కొందరు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. 'ఫాదర్ గారూ, ఈ అపోలో కతోలికుడేనా?' కాదు. ఆయన ఆంగ్లికన్ సభకు చెందిన గురువు. ఆయన కాలంలో బుగాండాలో కతోలికులకు, ప్రొటెస్టంట్లకు మధ్య మాటలు లేకపోవడమే కాదు, 1892 జనవరిలో మెంగో కొండ దగ్గర ఇరుపక్షాలవారు తుపాకులు పట్టి కాల్చుకున్నారు. కతోలికులను ఫ్రెంచివారని, ప్రొటెస్టంట్లను ఇంగ్లీషువారని పిలిచేవారు. కతోలిక మతమంటే ఫ్రెంచి మతం కాదని చూపడానికే 1895లో ఇంగ్లండు నుంచి మిల్‌హిల్ సభ గురువులను ఉగాండాకు పంపించారు. మన ఫిరంగిపురం, నెల్లూరు ప్రాంతాల పెద్దలకు మిల్‌హిల్ గురువుల పేరు కొత్త కాదు. మన తాత ముత్తాతల్లో ఎందరికో జ్ఞానస్నానమిచ్చినది ఆ సభవారే.

కాని దేవుడు అంతకు ముందే ఆ నేలలో ఇరువురినీ కలిపివేశాడు. 1886 జూన్ 3న నాముగొంగోలో కతోలిక యువకులను, ఆంగ్లికన్ యువకులను రాజు మ్వాంగా ఒకే చోట అగ్నికి ఆహుతి చేశాడు. 1964 అక్టోబరు 18న ఆరవ పౌలు పోపుగారు 22 మంది కతోలిక వేదసాక్షులను పునీతులుగా ప్రకటిస్తూ, క్రీస్తు నామము కొరకు మరణించిన ఆంగ్లికన్ సోదరులను కూడా మరువలేదు. 1969లో ఉగాండా వెళ్ళినప్పుడు వారి స్మారక స్థలాన్నీ దర్శించారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు అలాగే చేశారు. విడిపోయిన మన సోదరులలో ఉన్న క్రీస్తు సంపదను సంతోషంతో గుర్తించాలని వాటికన్ మహాసభ బోధించింది. మరి మన ఊళ్ళలో? అవతలి సంఘం పాస్టరుగారు పోతే ఆ వీధిన పోకుండా చుట్టు తిరిగి వెళ్ళేవారున్నారు. వారిలోనూ అలాంటివారు లేకపోలేదు. చావు దగ్గర ఈ లెక్కలు చూసుకోవడం నాకు నచ్చదు, సూటిగా చెబుతున్నాను.

నేను పనిచేసిన ఒక విచారణలో జరిగినది చెబుతాను. నేతపని చేసే ఇంటి ముసలావిడ ఒకామె 65 ఏళ్ళు దాటాక జ్ఞానస్నానం పొందింది. కొడుకులిద్దరూ పాత మతంలోనే ఉన్నారు, తల్లిని ఏనాడూ అడ్డగించలేదు. ఆమె పోయిన రాత్రి మాత్రం పెద్ద కొడుకు వాకిట్లో నాకు ఎదురొచ్చి, 'ఫాదర్ గారూ, మీరు వచ్చారు, సంతోషం. ప్రార్థన చేసుకోండి. కాని అమ్మ మాది, మా నాన్న పక్కన మా పద్ధతిలోనే చేసుకుంటాం' అన్నాడు. అందులో అహంకారం లేదు, ఏడుపు ఉంది. నేను వాదించలేదు. అమ్మ ఎవరికైనా ఏమైనా చెప్పిందా అని మాత్రం అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. అప్పుడు తలుపు చాటునుంచి కోడలు, ఆమె కూడా క్రైస్తవురాలు కాదు, 'అత్తయ్య నాతో చెప్పింది. గుడివాళ్ళ తోటలో పెట్టమంది. అక్కడ మనవాళ్ళెవరూ లేరుగా అత్తయ్యా అంటే, నేను ముందు పోయి ఉంటాను, మీరెవరన్నా వస్తే చోటు తెలుస్తుంది అంది' అని చెప్పింది. ఆ మాటతో వాకిలంతా నిశ్శబ్దమైపోయింది. మర్నాడు ఆ కొడుకులే పాడె మోశారు. పదకొండవ నాడు వారింట్లో వారి పద్ధతిన భోజనాలు పెట్టారు. పిలిచారు, వెళ్ళి కూర్చున్నాను. ఫాదర్ గారు ఎలా వెళతారని కొందరు గొణిగారు. ఆ కొడుకుల దుఃఖంలో పాలు పంచుకోవడానికి ఎవరి అనుమతీ కావాలని నాకు తోచలేదు.

ఆ ముసలావిడ అపోలో పేరు విని ఉండదు. కాని ఆమె సమాధి కూడా, రావలసినవారివైపు తిరిగినదే.

కుటుంబాల్లో ఇలాంటివారు ఉంటే రెండు మూడు సంగతులు తెలుసుకొని ఉండడం మంచిది. శ్రీసభ చట్టం 1183వ నియమం ప్రకారం, జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ మధ్యలోనే మరణించినవారికి కూడా విశ్వాసులతో సమానంగా అంత్యక్రియలు జరపాలి. ఇంకా జ్ఞానస్నానం కాలేదుగా అని వెనుకాడనక్కరలేదు. ఇతర సంఘంలో జ్ఞానస్నానం పొందినవారికి వారి బోధకుడు అందుబాటులో లేనప్పుడు, వారికి అది ఇష్టం లేదని తెలియనంతవరకు, మేత్రాణులవారి అనుమతితో మన గురువు భూస్థాపన జరపవచ్చు. మరణాపాయంలో ఉన్నవారు జ్ఞానస్నానం కోరితే, గురువు వచ్చే వ్యవధి లేనప్పుడు మీలో ఎవరైనా ఇవ్వవచ్చు. నీళ్ళు, పితాపుత్ర పవిత్రాత్మ నామము, శ్రీసభ ఉద్దేశం, ఇవి ఉంటే చాలు. ఇక స్థానిక ఆచారాల విషయం. అంత్యక్రియలు క్రీస్తు పాస్కను చూపాలని, అదే సమయంలో ఆయా ప్రాంతాల సంప్రదాయాలకు తగినట్లుండాలని వాటికన్ మహాసభ అర్చన రాజ్యాంగంలో చెప్పింది. ఆఫ్రికా మేత్రాణుల ప్రత్యేక సభ తర్వాత 1995లో రెండవ జాన్ పౌలు పోపుగారు యావుండే నగరంలో సంతకం చేసిన లేఖలో శ్రీసభను దేవుని కుటుంబం అన్నారు. కుటుంబమంటే బ్రతికున్నవారు మాత్రమే కాదని ఆఫ్రికావారికి ఒకరు నేర్పనక్కరలేదు, మనకూ అక్కరలేదు. అన్నింటికంటే ముఖ్యం, పెద్దవారు తమ కోరికను బ్రతికుండగానే నోరు తెరిచి చెప్పాలి. కొడుక్కి చెప్పడం కష్టమైతే కోడలికైనా సరే! ఒక కాగితం మీద రాసి విచారణ గురువుకు ఇస్తే మరీ మంచిది. చావు మాట ఎత్తితే అశుభమని నోరు మూయించే ఇళ్ళలోనే తర్వాత వాకిట్లో తగవులు వస్తాయి.

ఈమధ్య మన భూస్థాపనలు చూస్తుంటే నాకు ఒక దిగులు. పాలరాయి సమాధులు పెరిగాయి. వంశమంతటికీ ముందే స్థలం పట్టి, చుట్టూ గొలుసు వేసి తాళం పెడుతున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కాని ఆ తాళం ఎవరు రాకుండా? పక్కన ఒక దిక్కులేని మనిషికి చోటు అడిగితే, 'అది మా తాతగారి వరుస అండీ' అన్న మాట విన్నాను. తాతగారు ఆ మాటకు సంతోషించి ఉంటారా అని నాకు అనుమానం.

బోగాలో అపోలో వేసిన విత్తనం చావలేదు. అక్కడి సభ పెరిగి, 1992 నాటికి ఆ దేశపు ఆంగ్లికన్లు ఒక స్వతంత్ర ప్రాంతీయ సభగా నిలబడ్డారు. కాని ఆ నేలకు శాంతి లేదు. 2021లో, ఆయన వర్ధంతి అయిన మే 30 రాత్రి తెల్లవారేలోగా, సాయుధులు బోగా, చాబి గ్రామాల మీద పడి 50 మందికి పైగా చంపేశారు. ఆయనను పాతిపెట్టిన నేలలోనే మళ్ళీ అన్ని గోతులు తవ్వవలసి వచ్చింది. చనిపోయినవారిలో ఎవరు ఏ సభవారో మనకు తెలియదు, తెలియనక్కరలేదు.

నవంబరు 2న మా విచారణ సమాధుల తోటలో దివ్యబలి పూజ సాయంత్రం 4 గంటలకు ఉంటుంది. మీ మీ విచారణల్లో ఏ వేళకో ముందుగా కనుక్కోండి. మీ ఇంటి సమాధులకు సరిపడా కొవ్వొత్తులు కాకుండా ఒక్కొక్కరు రెండేసి ఎక్కువ తీసుకురండి. తోట పడమటి గోడ వారన పేర్లు చెరిగిపోయిన సమాధులు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, ఒకటి అక్కడ వెలిగించండి. రెండవది బోగావారి కోసం.